24 ఏళ్లు, పెళ్లి కుదిరింది. హెచ్‌పీవీ వ్యాక్సిన్ ఇప్పుడు వేయించుకుంటే ఉపయోగం ఉందా?

శ్రావణి_కేపీహెచ్‌బీ

నాకు 24. సాఫ్ట్‌వేర్ జాబ్, కేపీహెచ్‌బీలో హాస్టల్లో ఉంటున్నా. పెళ్లి కుదిరింది, మాఘమాసంలో ముహూర్తం చూస్తున్నారు. పీరియడ్స్ సరిగ్గా రావట్లేదని గైనిక్ దగ్గరికి వెళ్తే ఆవిడ మందులన్నీ రాసి, చివర్లో "హెచ్‌పీవీ వ్యాక్సిన్ వేయించుకున్నావా? లేకపోతే పెళ్లికి ముందే మొదలుపెట్టు" అన్నారు. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్ తగలకుండా వేసేదట. చీటీ మీద ఆ వైరస్‌లో తొమ్మిది రకాల మీద పనిచేసేది రాశారు. కింద ఫార్మసీలో అడిగితే ఒక్కో డోసు పదివేల పైనే, మొత్తం మూడు వేయించుకోవాలన్నారు.

ఇంట్లో చెప్పగానే అమ్మ మొహం మారిపోయింది. "పెళ్లికాని పిల్లకి ఆ ఇంజెక్షన్ ఎందుకు? అవతలివాళ్లకి తెలిస్తే ఏమనుకుంటారు?" అంది. పెద్దమ్మ అయితే ఇది వేయించుకుంటే పిల్లలు పుట్టరని ఏదో వాట్సాప్ వీడియో పంపింది. నాన్న ఏమీ అనలేదు, "డాక్టర్ చెప్పారుగా, కనుక్కో" అన్నారు.

చదివినచోటల్లా ఇది 9 నుంచి 14 ఏళ్ల పిల్లలకి అని ఉంది. నాకు ఆ వయసు ఎప్పుడో దాటింది. ఇప్పుడు వేయించుకుంటే నిజంగా పనిచేస్తుందా, డబ్బు దండగా? ఆ పదివేలదే కావాలా? డోసుల మధ్యలో పెళ్లి వస్తే ఏంటి సంగతి? వేయించుకున్నవాళ్లు, వద్దనుకున్నవాళ్లు ఇద్దరూ చెప్పండి.

గోదారి_గట్టు

వేయించుకో. నేను 23లో వేయించుకున్నా. ఒకట్రెండు రోజులు చెయ్యి లాగింది, జడ వేసుకుందామంటే పైకి లేవలేదు. అంతకుమించి ఏం లేదు.

బెజవాడ_బాబాయ్

అమ్మాయ్, తొందరపడకు. ఏ జబ్బూ లేని పిల్లకి ముప్పైవేల ఇంజెక్షన్ రాశారంటేనే నాకు అనుమానం. ఇదే వ్యాక్సిన్ అప్పట్లో ఖమ్మం జిల్లాలో హాస్టల్ పిల్లలకి వేస్తే ఎంత గొడవైందో ఇక్కడ చాలామందికి గుర్తుండే ఉంటుంది. పిల్లలు చనిపోయారని పేపర్లన్నీ రాశాయి. ఆ సంగతి తేలకుండానే ఇప్పుడు ప్రతి డాక్టర్ చీటీ మీదా ఇదే పేరు. మీ అమ్మగారి భయాన్ని కొట్టిపారేయకు.

ఖమ్మం_కుర్రోడు

బాబాయ్, ఆ సంగతి తేలింది. మాది భద్రాచలం వైపే. సగం చెప్పి వదిలేస్తే జనానికి ఆ సగమే గుర్తుంటుంది, అందుకని మొత్తం రాస్తున్నా.

2009 జులైలో పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన సంస్థ), అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఈ టీకాలు వేయడం మొదలుపెట్టాయి. మన దగ్గర ఖమ్మం, గుజరాత్‌లో వడోదర. 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు, రెండుచోట్లా కలిపి సుమారు 24 వేలమంది. వాళ్లలో ఏడుగురు చనిపోయారు, ఐదుగురు మన పిల్లలే. విచారణ కమిటీ ఒక్కో మరణాన్నీ విడిగా చూసింది. పాముకాటు, నీళ్లలో మునగడం, పురుగుమందు తాగడం, మలేరియా జ్వరం ఇలాంటివి బయటికొచ్చాయి. వ్యాక్సిన్ వల్ల పోయారనడానికి ఆధారం దొరకలేదు. ఈలోపే 2010 ఏప్రిల్‌లో మొత్తం ఆపేశారు.

అయితే తప్పు జరగలేదని నేననట్లేదు. పెద్ద తప్పే జరిగింది. చాలా సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టేశారు. అందులో గిరిజన పిల్లలు ఎక్కువ. ఎందుకు వేస్తున్నారో ఇంట్లోవాళ్లకి చెప్పినవాళ్లు లేరు. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం రిపోర్టు ఇచ్చి గట్టిగా తప్పుపట్టింది. అడగకుండా చేసిన ఆ పనివల్ల ఇవాళ్టికీ మా వైపు ఈ టీకా పేరెత్తితే జనం ముందు ఆ మాటే అంటారు.

బెజవాడ_బాబాయ్

మరి నేను అడుగుతున్నదీ అదే కదా తమ్ముడూ. అమ్మానాన్న సంతకం వార్డెన్ పెట్టడం చిన్న విషయమా?

ఖమ్మం_కుర్రోడు

చిన్నదని ఎవరన్నారు బాబాయ్? నా చిన్నప్పుడు మా ఊళ్లో ఆ కోపం చూసినవాణ్ణే. కానీ అది సంతకం పెట్టించినవాళ్ల తప్పు, సీసాలో మందు తప్పు కాదు. శ్రావణి గారికి 24 ఏళ్లు. చదువుకుని, పదిమందిని అడిగి, తన సంతకం తనే పెట్టుకుంటున్నారు. ఆ పిల్లలకి దక్కనిది అదే.

నర్సక్క_గుంటూరు

టీకాల గదిలోనే నా డ్యూటీ. ఒక్కొక్కటీ చెప్తా, కాస్త పెద్దదే అవుతుంది.

చెల్లీ, ముందు అసలు విషయం. సర్వైకల్ క్యాన్సర్, అంటే గర్భసంచి ముఖద్వారానికి వచ్చేది, దాదాపు అన్ని కేసుల్లోనూ ఈ హెచ్‌పీవీ వైరస్ వల్లే వస్తుంది. మన దేశంలో ఏటా లక్షా ఇరవైవేలమందికి పైగా కొత్తగా బయటపడుతోంది, డెబ్బై అయిదువేలమందికి పైగా చనిపోతున్నారు. వైరస్ చాలా సామాన్యమైనది. సంసారం మొదలైన ఆడామగా అందరిలోనూ చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. తగిలినట్టు కూడా తెలీదు, ఎక్కువమందికి ఏడాది రెండేళ్లలో దానంతటదే పోతుంది. కొద్దిమందిలో పోకుండా ఉండిపోతుంది. అలా ఉండిపోయినవాళ్లలో, పదిహేను ఇరవై ఏళ్ల తర్వాత క్యాన్సర్‌గా మారే ప్రమాదం ఉంటుంది. అందుకే 24లో నీకేం కనిపించదు, కనిపించేసరికి నీకు నలభై దాటుతాయి.

వ్యాక్సిన్‌లో వైరస్ ఉండదు, దాని పైతొడుగు ప్రోటీన్ మాత్రమే ఉంటుంది. గింజ తీసేసిన వేరుశెనగ డొల్ల లాంటిది, నాటినా మొలవదు. కాబట్టి దానివల్ల జబ్బు అంటుకునే ప్రసక్తే లేదు. అయితే ఇది రాకుండా కాపాడేదే, ఉన్న ఇన్ఫెక్షన్‌ని పోగొట్టదు. 9-14 అని ఎందుకంటారంటే, వైరస్ తగలకముందే పడాలని, పైగా ఆ వయసు ఒంట్లో యాంటీబాడీలు బాగా తయారవుతాయని. 24లో "పనిచేయదు" అని కాదు. పెళ్లికి ముందు మొదలుపెట్టమని మీ డాక్టర్ అన్నది అందుకే. నీ సంగతి నీకే తెలుసు, ఇక్కడ చెప్పక్కర్లేదు. ఒకవేళ ఒక రకం ఇదివరకే తగిలి ఉన్నా, మిగతా రకాల మీద పనిచేస్తుంది. ముందుగా ఏ టెస్టూ అక్కర్లేదు.

పిల్లలు పుట్టరనేది ఉత్త మాట. ఆస్ట్రేలియాలో 2007 నుంచి స్కూళ్లలో వేస్తున్నారు. ఆ ఆడపిల్లలు పెరిగి, పెళ్లిళ్లై, తల్లులయ్యారు. సంతానానికి దీనికి సంబంధం ఉందా అని చాలా దేశాల్లో ప్రత్యేకంగా వెతికారు, దొరకలేదు. చికిత్స సంగతి చూడండి. ఈ క్యాన్సర్ వస్తే చాలామందికి గర్భసంచి తీసేయాలి, లేదా కరెంటు (రేడియేషన్) పెట్టాలి. అప్పుడు నిజంగానే పిల్లలు పుట్టరు. మీ పెద్దమ్మగారికి ఇది చెప్పు.

మందులషాపు_రవి

రేట్ల సంగతి నేను చెప్తా. మన దేశంలో తయారైనది సెర్వావ్యాక్, పుణే సీరమ్ వాళ్లది. 2022లో అనుమతి వచ్చింది, 2023 నుంచి బయట దొరుకుతోంది. డోసు రెండువేల దరిదాపు. అది నాలుగు రకాల మీద పనిచేస్తుంది: 6, 11, 16, 18. క్యాన్సర్ తెచ్చేవి 16, 18. 6, 11 వల్ల జననాంగాల దగ్గర పులిపిర్లు వస్తాయి. డాక్టర్ రాసిన గార్డసిల్ 9లో ఆ నాలుగూ పోగా ఇంకో అయిదు రకాలు ఉంటాయి, ధర పదివేల పైమాటే.

ఏది కొన్నా ఒకటి గుర్తుపెట్టుకోండి. ఇది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. "ఇప్పుడు కొనుక్కెళ్లి రూమ్‌లో పెట్టుకుని వచ్చే వారం వేయించుకుంటా" అని వస్తారు కొందరు, అలాంటివాళ్లకి నేను ఇవ్వను. వేసే చోటే తీసుకోవడం మంచిది. వేసేముందు ఎక్స్‌పైరీ చూడండి, డబ్బా మీది బ్యాచ్ నంబర్ కార్డులో రాయించుకుని ఫొటో తీసి పెట్టుకోండి. రెండో డోసుకి వచ్చేటప్పటికి కార్డు సగంమంది దగ్గర ఉండదు.

శ్రావణి_కేపీహెచ్‌బీ

రెండువేలది ఉందని నాకు ఎవరూ చెప్పలేదే! తొమ్మిదిదానికి నాలుగుదానికి తేడా ఎంత? చవకది వేయించుకుంటే సగమే కాపాడుతుందా?

లెక్కల_మాస్టారు

సగం కాదమ్మా. ప్రపంచం మొత్తం మీద సర్వైకల్ క్యాన్సర్లలో 70 శాతం 16, 18 వల్లే. మన దేశంలో వాటి వాటా ఇంకా ఎక్కువ. తొమ్మిది రకాలది వేయించుకుంటే 90 శాతం దాకా కారణాలు కవర్ అవుతాయి. అంటే ధర ఐదింతలు, అదనంగా దొరికే రక్షణ ఇరవై శాతం లోపు. డబ్బుకి ఇబ్బంది లేకపోతే తొమ్మిది. ముప్పైవేలు చూసి మొత్తానికే మానేసే పరిస్థితి ఉంటే నాలుగుది కళ్లు మూసుకుని వేయించుకో.

వయసు గురించి అసలు లెక్క ఇది. స్వీడన్‌లో 10 నుంచి 30 ఏళ్ల వయసులో ఉన్న పదహారు లక్షలమందికి పైగా ఆడవాళ్ల రికార్డులు పరిశీలించి 2020లో ప్రచురించారు. 17 ఏళ్లలోపు వేయించుకున్నవాళ్లలో క్యాన్సర్ 88 శాతం తగ్గింది. 17 నుంచి 30 మధ్య వేయించుకున్నవాళ్లలో 53 శాతం తగ్గింది. నీ వయసు ఈ రెండో గుంపులోది. 88 రాదు, నిజమే. కానీ 53 అంటే సగానికి పైన. పైగా ఆ గుంపులో చాలామందికి అప్పటికే వైరస్ తగిలి ఉంటుంది, తగలనివాళ్లకి లాభం అంతకంటే ఎక్కువే ఉంటుందని నా అభిప్రాయం.

బెజవాడ_బాబాయ్

ఇప్పుడు లెక్క బాగుంది మాస్టారూ. ఆరువేలంటే నేనూ మాట్లాడను. ముప్పైవేలే ఎందుకు రాశారనేది మాత్రం ఆ డాక్టరమ్మని అడగాల్సిందే.

నర్సక్క_గుంటూరు

అడగడంలో తప్పేం లేదు. "ఇంతకంటే తక్కువలో ఉందా మేడమ్" అంటే చాలామంది డాక్టర్లు వెంటనే మార్చి రాస్తారు. మొహమాటపడి చీటీ మడిచి బ్యాగులో పెట్టుకుని, మళ్లీ అటువైపు రాని అమ్మాయిలే మా దగ్గర ఎక్కువ.

కాకినాడ_కాజా

నా వయసు 25. మగాళ్లకి ఇది అవసరమా? అడిగితే మా ఫ్రెండ్స్ "నీకు గర్భసంచి ఎప్పుడొచ్చిందిరా" అని పగలబడి నవ్వారు.

నర్సక్క_గుంటూరు

వాళ్లకి గొంతు ఉంది కదా తమ్ముడూ! గొంతు వెనకభాగంలో, మలద్వారం దగ్గర, పురుషాంగానికి వచ్చే కొన్ని క్యాన్సర్లకి ఇదే వైరస్ కారణం. పులిపిర్లు సరేసరి. సెర్వావ్యాక్ 9 నుంచి 26 ఏళ్ల దాకా ఆడామగా ఇద్దరికీ అనుమతి ఉన్నదే. నువ్వు 25, ఇంకా టైమ్ ఉంది.

కాకినాడ_కాజా

సరే అక్కా. వెళ్లేటప్పుడు ఆ నవ్వినవాళ్లని కూడా లాక్కెళ్తా, ముగ్గురిదీ నా వయసే.

వరంగల్_వనజ

శ్రావణీ, మీ అమ్మగారి మాటకి నా మాట. నేనూ ఒక ఆడపిల్ల తల్లినే. "అవతలివాళ్లు ఏమనుకుంటారు" అని నాకూ అనిపించింది. తర్వాత ఆలోచిస్తే, చిన్నప్పుడు దానికి హెపటైటిస్ బి టీకా వేయించాం. అదీ రక్తం ద్వారా, సంసారం ద్వారా వచ్చేదే. అప్పుడు ఎవరైనా ఏమైనా అనుకున్నారా? ఈ టీకా వేయించుకుందని పిల్ల గుణం మీద అనుమానపడేవాళ్లు ఉంటే, ఆ సంగతి పెళ్లికి ముందు తెలియడమే మంచిది.

డల్లాస్_దుర్గ

వనజ గారూ, చివరి లైన్‌కి పది లైకులు.

ఇక్కడ అమెరికాలో 11-12 ఏళ్లకే స్కూల్ టీకాలతోపాటు వేస్తారు, ఆడపిల్లలకీ మగపిల్లలకీ. చిన్నప్పుడు మిస్సయినవాళ్లకి 26 దాకా అందరికీ వేయమంటారు. 27 నుంచి 45 దాకా "డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోండి" అంటారు. నేను ఇండియా నుంచి 25లో వచ్చా, మొదటి చెకప్‌లోనే అడిగి వేశారు. ఆ గదిలో ఎవరూ నన్ను వింతగా చూడలేదు. ఫ్లూ షాట్ అడిగినట్టే అడిగారు.

టోక్యో_తెలుగోడు

భయంతో ఆపేస్తే ఏమవుతుందో జపాన్‌ని చూసి తెలుసుకోవచ్చు. ఇక్కడ 2013లో వ్యాక్సిన్ తర్వాత ఒళ్లునొప్పులు, నడవలేకపోవడం అంటూ టీవీల్లో ఒకటే చూపించారు. ప్రభుత్వం "వేయించుకోండి" అని ఇళ్లకి చీటీలు పంపడం మానేసింది. దాదాపు 70 శాతం పిల్లలు వేయించుకునే దేశంలో అది ఒక శాతం కిందికి పడిపోయింది. వ్యాక్సిన్‌కి ఆ లక్షణాలకి సంబంధం తేలకపోవడంతో 2022 ఏప్రిల్ నుంచి మళ్లీ మొదలుపెట్టారు. ఆ మధ్యకాలంలో టీకా మిస్సయిన అమ్మాయిలు, 1997 ఏప్రిల్ నుంచి పుట్టినవాళ్లు, వాళ్లకి ఆలస్యంగానైనా ఉచితంగా వేశారు. అంటే సరిగ్గా శ్రావణి గారి వయసువాళ్లు. పాతికేళ్ల వయసులో దండగ అనుకుంటే ఒక దేశం అంత డబ్బు ఖర్చుపెట్టదు కదా.

అనూరాధ_టీచర్

నాకు 34. ఇద్దరు పిల్లలు. మా స్కూల్లో ఆడ టీచర్లకి క్యాంపు పెడితే అందరితోపాటు నేనూ టెస్ట్ చేయించుకున్నా. హెచ్‌పీవీ 16 పాజిటివ్ వచ్చింది. ఆ కాగితం పట్టుకుని స్టాఫ్ రూమ్‌లో ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. ఆ తర్వాత కాల్పోస్కోపీ (ముఖద్వారాన్ని లెన్స్‌తో పెద్దదిగా చూడటం), బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం). క్యాన్సర్ కాదు కానీ అటువైపు వెళ్లే మార్పులు ఉన్నాయన్నారు. లీప్ అనే చిన్న ప్రొసీజర్‌తో ఆ భాగం తీసేశారు. సాయంత్రానికి ఇంటికొచ్చేశా. ఇప్పుడు బాగానే ఉన్నా, క్రమం తప్పకుండా చెకప్‌కి వెళ్తున్నా.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, రిపోర్ట్ రాగానే ఇంట్లో మొదట వచ్చిన ప్రశ్న "ఎవరివల్ల?" అని. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. డాక్టరుగారు మా ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పారు, ఈ వైరస్ ఏళ్లతరబడి కనిపించకుండా ఉండగలదు, ఎప్పుడు ఎవరి నుంచి వచ్చిందో చెప్పే టెస్ట్ లేదు, ఒకరినొకరు అనుమానించుకోవడం దండగ అని. ఆవిడ ఆ మాట చెప్పకపోయి ఉంటే మా కాపురం ఏమయ్యేదో. శ్రావణి గారూ, మీ కాబోయే ఆయనకి ఈ విషయం ఇప్పుడే మామూలుగా చెప్పండి. రేపెప్పుడైనా ఏదైనా వచ్చినా ఇద్దరూ ఒకవైపే నిలబడతారు.

సీమ_చిన్నోడు

నిరోధ్ వాడితే సరిపోదా? ఇంత ఖర్చెందుకు?

గోదారి_గట్టు

ఇది చర్మం చర్మం తగిలినా వస్తుంది. కండోమ్ వాడితే రిస్క్ తగ్గుతుంది కానీ పూర్తిగా ఆగదు. పైగా పెళ్లయ్యి పిల్లలు కావాలనుకునేవాళ్లు ఎన్నాళ్లు వాడతారు?

పాలమూరు_పిల్ల

చదువుతూ ఊరుకుందామనుకున్నా, కానీ రాయాలనిపించింది. మా అమ్మ దీనితోనే పోయింది. 46 ఏళ్లు.

చాలా రోజులు తెల్లబట్ట అవుతోందని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర మాత్రలు వేసుకుంది. తర్వాత మధ్యమధ్యలో రక్తం కనిపించడం మొదలైంది. మాకు చెప్పలేదు. తెల్లారకముందే లేచి, మేం చూడకుండా బట్టలు ఉతికి దండెం మీద చీర కింద ఆరేసేది. నడుంనొప్పి అంటే పొలం పనికి అనుకున్నాం. టౌన్లో ఒక ప్రైవేటు హాస్పిటల్లో ఏ టెస్టూ చేయకుండానే గర్భసంచి తీసేద్దాం, ముప్పైవేలు కట్టండి అన్నారు. మా మేనమామ ఒప్పుకోకుండా హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకొచ్చాడు. అక్కడ బయాప్సీ చేసి మూడో స్టేజ్ అన్నారు. ఆపరేషన్ చేసే దశ దాటిపోయింది, కరెంటు పెట్టాలన్నారు. రోజూ పొద్దున్నే లైన్లో కూర్చుంటే అమ్మ పక్కన ఉన్నవాళ్లంతా ఆమె వయసువాళ్లే, ఊళ్లనుంచి వచ్చినవాళ్లే. ఒకరి కథ ఒకరికి చెప్పుకుంటుంటే అందరిదీ ఒకే కథ: తెల్లబట్ట, మాత్రలు, సిగ్గు, ఆలస్యం. ఆరోగ్యశ్రీలో డబ్బు ఇబ్బంది కాలేదు. టైమే లేకపోయింది.

నాకు 22, చెల్లికి 19. ఇద్దరం వేయించుకున్నాం. మా అమ్మ ఉంటే తనే చేయిపట్టి తీసుకెళ్లేది. శ్రావణి అక్కా, మీ అమ్మగారు ఒప్పుకోకపోతే నా పోస్ట్ చదివి వినిపించండి.

శ్రావణి_కేపీహెచ్‌బీ

చెల్లీ, ఏం రాయాలో తెలీట్లేదు. తప్పకుండా వినిపిస్తా.

వరంగల్_వనజ

బిడ్డా, నువ్వు చెప్పిన ఆ గర్భసంచి ముచ్చట మా దగ్గర ఇంటింటికీ ఉంది. తెల్లబట్ట అంటే చాలు, క్యాన్సర్ వస్తదని భయపెట్టి ముప్పై ఏళ్లకే తీసేస్తున్నరు. మన రెండు రాష్ట్రాల్లో ఈ ఆపరేషన్లు దేశ సగటుకంటే చాలా ఎక్కువని ప్రభుత్వ సర్వేలే చెప్తున్నయ్. అనూరాధ గారికి సాయంత్రానికి ఇంటికి పంపే చికిత్సతో అయిపోయింది. ముందు టెస్ట్, తర్వాతే కత్తి. ఇది అందరూ తెలుసుకోవాలె.

బెజవాడ_బాబాయ్

అమ్మా పాలమూరు తల్లీ, చదివి మనసు కలుక్కుమంది. మీ మేనమామ గట్టివాడు.

నేనిప్పుడు అడిగేది టెస్టుల గురించి. దేశం మొత్తం మీద ముప్పై దాటిన ఆడవాళ్లలో ఈ పరీక్ష చేయించుకున్నవాళ్లు వందకి ఇద్దరు కూడా లేరట. వ్యాక్సిన్ వేయించుకుని "ఇక నాకేం కాదు" అని టెస్ట్ మానేస్తే లాభం ఏముంది? డబ్బు పరిమితంగా ఉన్న ఇంట్లో ఆ డబ్బుతో ముందు అమ్మకి టెస్ట్ చేయించాలంటాను.

లెక్కల_మాస్టారు

అమ్మకి టెస్ట్ అన్నమాట నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటా. దానికోసం కూతురి వ్యాక్సిన్ ఆపాలన్నది ఒప్పుకోను. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టుకున్న లక్ష్యంలో కూడా రెండూ ఉన్నాయి. ఆడపిల్లల్లో 90 శాతానికి 15 ఏళ్లలోపు వ్యాక్సిన్, ఆడవాళ్లలో 70 శాతానికి 35కి ఒకసారి, 45కి మళ్లీ ఒకసారి టెస్ట్, జబ్బు బయటపడినవాళ్లలో 90 శాతానికి చికిత్స. ఇవన్నీ 2030 నాటికి. పైగా ప్రభుత్వ ఆసుపత్రుల్లో 30 దాటినవాళ్లకి వెనిగర్ లాంటి ద్రావణం పూసి చూసే పరీక్ష ఉచితం.

బెజవాడ_బాబాయ్

ఉచితం అని బోర్డు ఉంటుంది మాస్టారూ, చేసే మనిషి ఉండాలిగా. మా వీధి పీహెచ్‌సీలో అడిగి చూడండి.

నర్సక్క_గుంటూరు

బాబాయ్ అన్నది కొన్నిచోట్ల నిజమే. లేకపోతే జిల్లా ఆసుపత్రిలో, మెడికల్ కాలేజీ గైనిక్ ఓపీలో అడగండి, చేస్తారు. వ్యాక్సిన్ వేయించుకున్నవాళ్లూ 30 దాటాక టెస్ట్ మానకూడదు. వ్యాక్సిన్లో లేని రకాలవల్ల కూడా కొన్ని వస్తాయి.

డల్లాస్_దుర్గ

డోసుల సంగతి ఎవరూ చెప్పలేదు. ఒక్క డోసు చాలంటున్నారు కదా ఇప్పుడు? మా అక్క కూతురికి హైదరాబాద్‌లో మూడు రాశారు.

లెక్కల_మాస్టారు

ఇక్కడే మన ఖమ్మం కథ మళ్లీ వస్తుంది. 2009లోనే మన దేశంలో వేరే స్టడీ ఒకటి నడుస్తోంది, రెండు డోసులు చాలా, మూడు కావాలా అని తేల్చడానికి. ఖమ్మం గొడవ తర్వాత 2010లో ప్రభుత్వం అన్ని ట్రయల్స్‌లోనూ టీకాలు ఆపేసింది. దాంతో ఆ స్టడీలో వేలమంది అమ్మాయిలు ఒకే డోసుతో ఆగిపోయారు. డాక్టర్లు వాళ్లని వదిలేయకుండా పదేళ్లపాటు పరీక్షిస్తూ వచ్చారు. ఒక్క డోసు పడినవాళ్లకి కూడా 16, 18 ఇన్ఫెక్షన్ నిలిచిపోకుండా మూడు డోసులవాళ్లతో సమానంగా రక్షణ కనిపించింది. 2021లో ప్రచురించారు. ఆ తర్వాత ఆఫ్రికాలో చేసిన స్టడీలు కూడా అదే చెప్పాయి. 2022 చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 20 ఏళ్లదాకా ఒకటి లేదా రెండు డోసులు చాలంది. 21 దాటితే ఆరు నెలల తేడాతో రెండు.

సీమ_చిన్నోడు

ఒకరు ఒకటంటారు, ఒకరు రెండంటారు, డాక్టర్ మూడంటారు. ఎవర్ని నమ్మాలి?

నర్సక్క_గుంటూరు

ముగ్గురూ చెప్పేది ఒకే ప్రశ్నకి కాదు తమ్ముడూ. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోట్లమందికి వేసే ప్రోగ్రామ్ గురించి చెప్తుంది. మన డాక్టర్లు డబ్బాలోని కాగితం ప్రకారం వేస్తారు, అందులో 15 నిండినవాళ్లకి మూడు అని ఉంటుంది: మొదటిది, రెండు నెలలకి ఒకటి, ఆరో నెలలో ఒకటి. ఆ ఒక్క డోసు స్టడీలో ఉన్నది 10-18 ఏళ్ల అమ్మాయిలు, 24 వాళ్లు కాదు. కాబట్టి శ్రావణి వయసుకి నేనైతే మూడూ పూర్తి చేయమంటా. ఒంట్లో రోగనిరోధక శక్తి తక్కువ ఉన్నవాళ్లు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు అయితే మూడుకంటే తగ్గించకూడదు.

పెళ్లి విషయం. మొదటి రెండూ పెళ్లిలోపు అయిపోతాయి. మూడోది పెళ్లయ్యాక పడుతుంది, దానికేం ఇబ్బంది లేదు. ఈలోపు నెల తప్పితే మూడోది ఆపి కాన్పయ్యాక వేయించుకో. గర్భంతో ఉన్నప్పుడు వేయం. తెలియక పడిపోయినా కంగారుపడక్కర్లేదు, దానికోసం గర్భం తీయించుకోవాల్సిన పనే లేదు. పాలిచ్చేటప్పుడు వేయించుకోవచ్చు. డోసు ఆలస్యమైతే మళ్లీ మొదటినుంచీ అక్కర్లేదు, ఆగినచోట నుంచే. ఈస్ట్ పడనివాళ్లు, ఇదివరకు టీకాకి తీవ్రంగా అలర్జీ వచ్చినవాళ్లు ముందే చెప్పాలి.

ఇంకోటి, ఖాళీ కడుపుతో రాకు. వేశాక పదిహేను నిమిషాలు కూర్చునే వెళ్లు. ఈ వయసు పిల్లలు సూది చూసి కళ్లు తిరిగి పడిపోవడం మామూలు. లేచి మెట్లు దిగుతూ పడి తల పగలగొట్టుకున్న అమ్మాయిని చూశా. అది టీకా చేసిన పని కాదు, కూర్చోకపోవడం వల్ల జరిగింది.

శ్రావణి_కేపీహెచ్‌బీ

అప్‌డేట్. ఆదివారం ఇంటికెళ్లి అమ్మకి పాలమూరు చెల్లి పోస్ట్ చదివి వినిపించా. సగంలోనే ఆపమంది. కాసేపటికి తనే "మీ అమ్మమ్మకీ ఇలాగే రక్తం పోయేది, ఏమైందో ఎవరం అడగలేదు" అంది. ఈ మాట ఇన్నేళ్లలో మా ఇంట్లో ఎప్పుడూ వినలేదు. అమ్మకి 49. వచ్చే వారం తనకి టెస్ట్ చేయించడానికి ఒప్పించా. బాబాయ్ గారూ, ఆ ఆలోచన మీదే.

మా ఆయన కాబోయేవాడికి కూడా ఫోన్లో చెప్పా. "నేను కూడా వేయించుకోవచ్చా?" అని అడిగాడు, తనకి 27. డాక్టర్‌ని రెండువేలది రాయమంటే మారుమాట లేకుండా రాసిచ్చారు. నిన్న మొదటి డోసు అయింది. చెయ్యి నొప్పి ఉంది, జ్వరం లేదు. పెద్దమ్మకి మాత్రం ఇంకా చెప్పలేదు.

నర్సక్క_గుంటూరు

మంచిది చెల్లీ. కార్డు ఫొటో తీసుకున్నావా? ఆయనకి 27 అంటే సెర్వావ్యాక్ కాగితం మీది వయసు దాటింది. వేయకూడదని కాదు, లాభం ఎంతో డాక్టర్‌తో మాట్లాడి నిర్ణయించుకోవాలి.

గోదారి_గట్టు

పెద్దమ్మకి పెళ్లిలో భోజనాల దగ్గర చెప్పు, నోట్లో బూరె ఉంటుంది, ఏమీ అనలేదు.

బెజవాడ_బాబాయ్

అమ్మగారి రిపోర్ట్ వచ్చాక ఇక్కడ రాయమ్మా. ఖర్చు విషయంలో నేనన్నది ఇప్పటికీ అంటాను, రాసే డాక్టర్లు అన్ని రకాలూ, అన్ని రేట్లూ ముందే చెప్పాలి. నీ నిర్ణయం మాత్రం నాకు నచ్చింది.

వరంగల్_వనజ

నర్సక్కా, ఒక్క డౌట్. మా పాపకి 14 నడుస్తున్నయ్, దసరా తర్వాత 15 నిండుతయ్. పరీక్షలు అయినంక వేసవి సెలవుల్లో వేయిద్దామనుకుంటున్నా. పర్లేదా?

నర్సక్క_గుంటూరు

ఆగకండి వనజ గారూ. 15 నిండకముందే మొదటి డోసు పడితే రెండే చాలు, ఆరు నెలల తేడాతో. పుట్టినరోజు దాటాక మొదలుపెడితే మూడు వేయించుకోవాలి. ఒక డోసు డబ్బూ, ఒక సూదిపోటూ మిగులుతాయి పాపకి.

వరంగల్_వనజ

అట్లనా! అయితే ఈ శనివారమే తీస్కపోతా. పాపతోని పాటు నా టెస్ట్ కూడా అదే రోజు చేయించుకుంటా.